రెండో తరగతి బాబు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు, మాన్పించాలా?

విభాగం: పిల్లలు, చదువులు

నీలిపలక (విశాఖపట్నం) · సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా బాబు రెండో తరగతి, ఇంగ్లీష్ మీడియం. పోయిన వారం స్కూల్ డైరీలో "వేళ్ళ మీద లెక్కపెట్టనివ్వొద్దు, నోటి లెక్క అలవాటు చేయండి" అని ఎర్ర ఇంకుతో రాసి పంపారు. వెళ్ళి అడిగితే, క్లాసులో చేతులు బెంచీ కింద పెట్టుకుని దొంగచాటుగా వేళ్ళు ముడుస్తున్నాడని చెప్పారు. వాడికి కూడికలు వస్తాయి, కానీ బాగా నెమ్మది. పరీక్షలంటే వాడికంటే నాకే టెన్షన్.

ఇంట్లో సంగతి ఇంకోలా ఉంది. మా అత్తగారు నెలాఖరున పాలవాడి లెక్క మొత్తం వేళ్ళ మీదే తేలుస్తారు. బొటనవేలు కణుపు కణుపుకీ జరుపుతూ, "నాలుగు నాగాలు పోగా, పండగనాడు ఒక లీటరు ఎక్కువ పోయించుకున్నాం" అంటూ కాగితం ముట్టుకోకుండా రూపాయల్లో చెప్పేస్తారు. "మరి నానమ్మనెవరూ తిట్టరేం?" అని వాడు నన్ను అడుగుతున్నాడు.

మాన్పించాలా, వదిలెయ్యాలా? మీ పిల్లల విషయంలో ఏం చేశారు?

పుల్లలకట్ట (ఒంగోలు) · సోమవారం రాత్రి 10:15

ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యానమ్మా. మాన్పించే ముందు ఒక పని చేయండి. వాడికి తెలియకుండా గమనించండి. 8+5 ఎంత అని అడిగి చేతులే చూడండి, జవాబు సంగతి తర్వాత.

ఒకటి నుంచి మొదలుపెట్టి ఎనిమిది వేళ్ళు తెరిచి, ఆ తర్వాత ఐదు కోసం వెతుక్కుంటున్నాడా? ఎనిమిది అని నోటితో అనేసి తొమ్మిది, పది, పదకొండు అని ఐదు వేళ్ళు ముడుస్తున్నాడా? లేక ఎనిమిదికి రెండు కలిపి పది చేసి, మిగిలిన మూడు దానికి చేరుస్తున్నాడా? మూడింటిలోనూ వేళ్ళు కదులుతాయి. బయటినుంచి చూసే టీచరుకి మూడూ ఒకటే తప్పులా కనిపిస్తాయి. కానీ మొదటి పద్ధతిలో ఉన్న పిల్లాడికీ మూడో పద్ధతిలో ఉన్నవాడికీ చాలా తేడా ఉంది. ఏ మెట్టు మీదున్నాడో తెలుసుకోకుండా చేతులు కట్టిపెడితే పిల్లలు లెక్క మానేసి ఊహించి చెప్పడం మొదలుపెడతారు. దాన్ని మాన్పించడం వేళ్ళు మాన్పించడం కంటే కష్టం.

అణాకాసు (తెనాలి) · సోమవారం రాత్రి 10:31

ఇంత చర్చ దేనికండీ. ఎక్కాలు నోటికి రానివ్వండి, వేళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. మా రోజుల్లో సాయంత్రం బడి వదిలేముందు వరసగా నిలబెట్టి ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పించేవారు. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా ఉండేవి. పదహారో ఎక్కం రాని పిల్లాణ్ణి కొట్టుకి పంపేవారే కాదు, రూపాయికి పదహారు అణాలు కదా. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక గానీ ఆ పదహారు పీడ వదల్లేదు. ఇప్పటి పిల్లలు పన్నెండో ఎక్కం దాకా వస్తే ఇంట్లో కేక్ కోస్తున్నారు.

కొబ్బరాకు (అమలాపురం) · సోమవారం రాత్రి 10:38

బాబాయ్ గారూ, అంతా బాగుంది గానీ 8+5 కి ఏ ఎక్కం చదవాలి?

అణాకాసు · సోమవారం రాత్రి 10:52

కూడిక ఎక్కాలు కూడా ఉండేవయ్యా. నీకు తెలియకపోతే లేనట్టు కాదు.

డాలస్_పద్మ · మంగళవారం ఉదయం 7:05

మా పాప ఇక్కడ పబ్లిక్ స్కూల్లో సెకండ్ గ్రేడ్. కిండర్‌గార్టెన్‌లో వేళ్ళు వాడమని వాళ్ళే చెప్పారు. ఆ తర్వాత "టెన్ ఫ్రేమ్" అని ఒక గళ్ళ కాగితం ఇచ్చారు. రెండు వరసలు, వరసకి ఐదు గళ్ళు. 8+5 అంటే ఎనిమిది బిళ్ళలు పెట్టి, ఐదులోంచి రెండు తీసి ఖాళీ గళ్ళు నింపుతారు. పది నిండింది, బయట మూడు మిగిలాయి, పదమూడు. పుల్లలకట్ట గారు చెప్పిన మూడో పద్ధతి ఇదే.

నాకు మొదట్లో విసుగొచ్చేది, ఇంత చిన్న కూడికకి ఇంత తతంగమా అని. కానీ ఇప్పుడు పాప 38+25 ని కూడా అలాగే చేస్తోంది. 38కి రెండు ఇచ్చి నలభై చేసి, మిగిలిన 23 కలుపుతుంది. కాగితం అక్కర్లేదు. గళ్ళ కాగితం చెయ్యడానికి కోడిగుడ్ల అట్ట చాలు, పది గుంటలు ఉండేలా కత్తిరించుకుంటే సరి.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. ఫోన్‌లో మా అమ్మ "ఏడెనిమిదులు?" అని అడిగితే పాపకి అర్థం కాదు. "సెవెన్ ఎయిట్స్" అంటే టక్కున చెబుతుంది.

తెల్లకోటు (హైదరాబాద్) · మంగళవారం మధ్యాహ్నం 1:20

నరాల విభాగంలో పనిచేస్తాను. వేళ్ళకీ లెక్కలకీ మెదడులో సంబంధం ఉందన్నది కొత్త మాటేమీ కాదు. వియన్నాలో జోసెఫ్ గెర్స్‌మన్ అనే వైద్యుడు 1920లలోనే ఒక రకం రోగుల గురించి రాశాడు. మెదడు ఎడమవైపు ఒక చోట దెబ్బతిన్నాక, వాళ్ళకి తమ చేతిలో ఇది ఏ వేలో చెప్పడం రాదు. దానితో పాటు లెక్కలు పోతాయి, రాయడం పోతుంది, కుడి ఎడమలు తికమకవుతాయి. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఈ సంబంధం ఎందుకు అనే దాని మీద మాత్రం ఇంకా వాదనలు ఉన్నాయి, కాబట్టి దీన్ని పట్టుకుని "వేళ్ళు ఆడిస్తే తెలివి పెరుగుతుంది" అని ఎవరైనా కోర్సు అమ్మితే కొనకండి.

పిల్లల సంగతికొస్తే, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 5, 6 ఏళ్ళ పిల్లల మీద చేసిన పరిశోధన 2024లో వచ్చింది. వేళ్ళు వాడని పిల్లలకి వేళ్ళతో కూడడం నేర్పితే, సరైన జవాబులు 37 శాతం నుంచి 77 శాతానికి పెరిగాయి. అదే బృందం ఇంకో పరిశోధనలో పిల్లల్ని కొన్నేళ్ళపాటు గమనించింది. ఏడేళ్ళు దాటాక కూడికల్లో అందరికంటే బాగా చేసింది మొదటినుంచీ వేళ్ళు ముట్టనివాళ్ళు కాదు, చిన్నప్పుడు వాడి తర్వాత వదిలేసినవాళ్ళు. కాబట్టి మీ బాబు వయసులో వేళ్ళు వాడటం జబ్బేమీ కాదు. వదిలే వయసు దగ్గర పడుతోంది అనుకోవచ్చు, అంతే.

నీలిపలక · మంగళవారం రాత్రి 9:10

పుల్లలకట్ట మాస్టారూ, మీరు చెప్పినట్టే చూశాను. అన్నం తింటుండగా మామూలుగా అడిగినట్టు అడిగాను.

8+5 కి ముందు ఎడమచెయ్యి మొత్తం తెరిచాడు, కుడిచేతిలో మూడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా పైకే లెక్కపెట్టాడు. తర్వాత ఐదు తెరవాలంటే రెండే వేళ్ళు మిగిలాయి. కాసేపు చేతులకేసి చూసి, కంచం పక్కన చెంచా, గ్లాసు, నా వేలు ఒకటి కలుపుకుని పదమూడు అన్నాడు. సరైన జవాబే! 9+7 కి మాత్రం వస్తువులు చాలక "పదిహేను" అనేసి లేచిపోయాడు.

3+4 లాంటివి వేళ్ళు తెరవకుండానే చెబుతున్నాడు. అది నేను ఇంతకుముందు గమనించలేదు.

పుల్లలకట్ట · మంగళవారం రాత్రి 10:02

అయితే వాడి కష్టం వేళ్ళు వాడటం కాదు, పది దాటాక వేళ్ళు చాలకపోవడం. మొదటి మెట్టు మీద ఉన్నాడు, అన్నీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాడు. చెంచా, గ్లాసు కలుపుకున్నాడు చూశారా, లెక్కంటే ఏమిటో వాడికి అర్థమైందనడానికి అదే సాక్ష్యం. అలాంటి పిల్లాణ్ణి క్లాసులో చూస్తే నాకు ముచ్చటేసేది.

ఇప్పుడు మన పాత మాటే నేర్పండి: "ఎనిమిది మనసులో, ఐదు చేతిలో". కుడి అరచెయ్యి గుండె మీద పెట్టించి "ఎనిమిది" అనిపించండి. ఎడమచేతి ఐదు వేళ్ళు తెరిచి, ఒక్కొక్కటే ముడుస్తూ తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు. చాలామంది పిల్లలు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. మొదటి వేలు ముడుస్తూ మళ్ళీ "ఎనిమిది" అంటారు. జవాబు ఎప్పుడూ ఒకటి తక్కువ వస్తుంది. 9+7 కి పదిహేను అన్నాడంటే కొంత అదీ అయ్యుండొచ్చు, చూసుకోండి.

ఇది కుదిరాక 5+8 ఇవ్వండి. ఐదు మనసులో పెట్టుకుని ఎనిమిది వేళ్ళు తెరుస్తాడు. ఏమీ చెప్పకండి. కొన్నాళ్ళకి వాడే "అమ్మా, తిప్పేస్తే తొందరగా అయిపోతుంది" అంటాడు. అది వాడు కనిపెట్టాలి, మనం చెబితే ఇంకో రూలు అవుతుంది.

ఆ తర్వాత పదికి జతలు. 9–1, 8–2, 7–3, 6–4, 5–5. ఇవి మటుకు అణాకాసు గారన్నట్టు నోటికి రావాలి. రెండు చేతులూ తెరిచి మూడు వేళ్ళు ముడిస్తే మిగిలినవి ఏడు, కళ్ళెదురుగా కనిపిస్తుంది. పద్మ గారి గళ్ళ కాగితం చేసేదీ అదే.

ఇంట్లో చింతగింజలుంటే వామనగుంటలు ఆడించండి. గుంటలో ఎన్ని గింజలున్నాయో చూసి ఎక్కడ అయిపోతుందో ముందే అంచనా కట్టాలి కాబట్టి, ఆటలోనే లెక్క ముందుకి సాగుతుంది. నేను అష్టాచెమ్మా కంటే దీనికే ఓటేస్తాను.

సంతబేరం (పల్నాడు) · బుధవారం ఉదయం 6:48

వేళ్ళ లెక్క చిన్నతనం అనేవాళ్ళు ఒకసారి పశువుల సంతకి రావాలి. మా నాన్న ఎడ్ల బేరాలకి వెళ్ళేవాడు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పేవాళ్ళు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ధర అంత. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా బేరం ఎంతకొచ్చిందో ఎవడికీ తెలియదు. మధ్యవర్తి ముఖం చూసి కనిపెడదామనుకుంటే అతను ఆకాశంలోకి చూస్తుంటాడు. నోటితో మాత్రం "నీ ఎద్దుకి పళ్ళు అరిగాయి" లాంటి మాటలే వినిపిస్తాయి. వేలల్లో డబ్బు అలా చేతులు మారేది, కాగితం లేదు, పెన్ను లేదు.

మగ్గంగుంట (చీరాల) · బుధవారం ఉదయం 9:30

మాకు మగ్గం మీద పడుగు (నిలువు పోగులు) లెక్క పుంజాల్లో. పుంజం అంటే 120 పోగులు. వేలి కణుపులు బొటనవేలు కాకుండా ఒక చేతికి పన్నెండు కదా, పన్నెండు పదులు 120. పుంజం లెక్క కూడా కణుపుల నుంచే వచ్చిందని మా పెద్దవాళ్ళు అనేవాళ్ళు. బాబిలోనియా వాళ్ళ 60 కూడా అలాగే వచ్చిందట, ఒక చేతి పన్నెండు కణుపులు, రెండో చేతి ఐదు వేళ్ళు. గడియారంలో అరవై నిమిషాలు అందుకే.

హళ్ళికిహళ్ళి (బెంగళూరు) · బుధవారం ఉదయం 11:14

అది వినడానికి బాగుంటుంది గానీ ఒక ఊహే. 60ని రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరుతో శేషం లేకుండా పంచొచ్చు, అందుకే పట్టుకున్నారన్నది ఇంకో వివరణ. ఏదీ రుజువు కాలేదు. పుంజం సంగతీ అంతే అనుకుంటాను, 120 పంచుకోవడానికి అనువైన సంఖ్య.

పైగా కణుపుల లెక్క అందరికీ పన్నెండు కాదు. మా అమ్మమ్మ ప్రతి వేలికీ మూడు గీతలు, పైన కొస కలిపి నాలుగు లెక్కపెట్టేది. చేతికి పదహారు. నీలిపలక గారూ, మీ అత్తగారు ఎలా లెక్కపెడతారో అడిగి చెబుతారా?

ఇంకా దూరం వెళ్తే, పాపువా న్యూ గినీలో ఒక్సప్‌మిన్ జనం ఒక చేతి బొటనవేలి దగ్గర మొదలుపెట్టి మణికట్టు, మోచెయ్యి, భుజం, చెవి, కన్ను మీదుగా ముక్కు దగ్గరికొచ్చేసరికి 14, అక్కణ్ణుంచి అవతలి వైపు దిగుతూ రెండో చేతి చిటికెన వేలితో 27 దగ్గర ఆగుతారు. బెంచీ కింద దాచడం కుదరదు.

తాళంచెవి (విజయవాడ) · బుధవారం మధ్యాహ్నం 3:05

సంగీతం నేర్పుతాను. ఆది తాళం అంటే ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, మళ్ళీ దెబ్బ–విసురు, దెబ్బ–విసురు. ఎనిమిది. కొత్తగా చేరిన పిల్లలు వేలి వంక చూస్తూ పాట వదిలేస్తారు, లేదా పాట పట్టుకుని వేలు వదిలేస్తారు. సరళీ స్వరాలు దాటేసరికి చెయ్యి దానంతట అదే వేస్తుంటుంది, ఎన్నో లెక్కలో ఉన్నావని అడిగితే పాట ఆపకుండానే చెబుతారు. ఎవరూ వాళ్ళ వేళ్ళు ఆపలేదు.

జపానికి వాడే కరమాల చూడండి. ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర మొదలై కిందికి దిగి, చిటికెన వేలు కింద నుంచి పైకెక్కి, ఉంగరపు వేలు, మధ్యవేలు పై కణుపుల మీదుగా చూపుడు వేలు పైనుంచి కిందికి దిగితే పది. మధ్యవేలిలో మిగిలిన రెండు కణుపులూ మేరువు, వాటిని దాటరు. కుడిచేతిలో ఒకట్లు, ఎడమచేతిలో పదులు. ఒకట్ల స్థానం, పదుల స్థానం రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నట్టే.

నీలిపలక · బుధవారం సాయంత్రం 6:20

అడిగానండీ. మా అత్తగారివి పదహారే, కొసలు కలిపి. "రూపాయికి పదహారు అణాలు, అందుకని" అన్నారు. అణాకాసు గారు సంతోషిస్తారు.

వేగగణితం_సెంటర్ · బుధవారం రాత్రి 8:00

మేడమ్, మీ బాబుకి అబాకస్ ఒక్కటే పరిష్కారం. మా దగ్గర ఎనిమిది లెవెల్స్ ఉన్నాయి, మెదడు రెండు వైపులా పనిచేస్తుంది, మొదటి నెల ఫీజులో రాయితీ. వాట్సాప్ నంబరు: [తొలగించబడింది]

వేదిక నిర్వాహకులు · బుధవారం రాత్రి 8:25

ప్రకటనలకి వేరే విభాగం ఉంది. నంబరు తీసేశాం. అబాకస్ గురించి మాట్లాడొచ్చు, అమ్మకూడదు.

డాలస్_పద్మ · గురువారం ఉదయం 6:40

మా పెద్దవాడు అబాకస్ నేర్చుకున్నాడు కాబట్టి చెబుతున్నాను. జపాన్ పద్ధతి పూసల చట్రం. ప్రతి కడ్డీకీ పైన ఒక పూస ఐదు, కింద నాలుగు పూసలు ఒక్కొక్కటి ఒకటి. కొన్నాళ్ళకి చట్రం తీసేసినా గాల్లో వేళ్ళు ఆడిస్తూ మూడంకెల సంఖ్యల వరస కూడేసేవాడు. చూసేవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

కానీ "రాముడి దగ్గర 24 మామిడిపళ్ళున్నాయి, సీతకి అతనికంటే 9 తక్కువ, ఇద్దరికీ కలిపి ఎన్ని?" అంటే ఏది కూడాలో ఏది తీసెయ్యాలో తేల్చుకోలేక నా ముఖం చూసేవాడు. వేగం వచ్చింది, అది నిజం. ఎప్పుడు ఏం చెయ్యాలన్నది అక్కడ నేర్పేది కాదు. సరదాగా ఉంటే పంపండి, దీనికి మందులా మాత్రం పంపకండి.

హళ్ళికిహళ్ళి · గురువారం ఉదయం 10:10

ఆ పూసల చట్రం చేతిలోనే ఉంది నిజానికి. కొరియా వాళ్ళ చిసన్‌బాప్ అని, 1970లలో అమెరికాలో బాగా ప్రచారమైంది. కుడిచేతి బొటనవేలు ఐదు, మిగతా నాలుగు వేళ్ళు ఒక్కొక్కటి ఒకటి. ఎడమచేతి బొటనవేలు యాభై, మిగతావి పదులు. బల్ల మీద వేళ్ళు నొక్కుతూ 99 దాకా వెళ్ళొచ్చు. వేళ్ళు చాలకపోవడమే బాబు కష్టమైతే ఇది ఒక దారి. అయితే ఐదు దాటేటప్పుడు నాలుగు వేళ్ళు ఎత్తి బొటనవేలు దించాలి, ఏడేళ్ళ పిల్లలకి అది కాస్త చిక్కే.

పెద్దపిల్లలకి ఇంకోటి. ఎక్కాల్లో ఆరు నుంచి తొమ్మిది దాకా కష్టపడేవాళ్ళకి. 7×8 కావాలంటే, ఐదు దాటి ఎంత ఉందో అన్ని వేళ్ళు ముడవండి. ఏడుకి ఎడమచేతిలో రెండు, ఎనిమిదికి కుడిచేతిలో మూడు. ముడిచినవి మొత్తం ఐదు, అంటే యాభై. తెరిచి ఉన్నవి ఎడమన మూడు, కుడిన రెండు, వాటిని హెచ్చవేస్తే ఆరు. యాభై ఆరు. 6×6 కి ముడిచినవి రెండే, ఇరవై. తెరిచినవి నాలుగు, నాలుగు, పదహారు. కలిపితే ముప్పై ఆరు. ఐదు లోపు ఎక్కాలు వస్తే చాలు.

కొబ్బరాకు · గురువారం ఉదయం 10:44

ఇది ఎప్పుడూ పనిచేస్తుందా, లేక ఏరి చూపించారా?

హళ్ళికిహళ్ళి · గురువారం ఉదయం 11:02

ఎప్పుడూ పనిచేస్తుంది. ముడిచినవి ఒక చేతిలో అ, రెండో చేతిలో ఆ అనుకోండి.
(5+అ)(5+ఆ) = 10(అ+ఆ) + (5−అ)(5−ఆ)
రెండు వైపులా విప్పి రాస్తే 25 + 5అ + 5ఆ + అఆ వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకి బీజగణితం దేనికి పనికొస్తుందో చూపించాలంటే నేను దీనితోనే మొదలుపెడతాను.

అణాకాసు · గురువారం మధ్యాహ్నం 12:15

ఈ ముడవడం తెరవడం అయ్యేలోపు మా వాడు ఏడెనిమిదులు యాభై ఆరు అని పదిసార్లు అంటాడు.

వీధి బడులంటే వెనకబడినవి అనుకుంటున్నారు కొందరు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లా బడుల మీద నివేదిక రాశాడు. తెలుగు, కన్నడ బడులే ఎక్కువ, మొత్తం 533. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుకుంటూ అక్షరాలూ అంకెలూ నేర్చుకునేవారని రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో "సరస్వతి" అని రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. ఇదీ లెక్క నేర్పడమే!

కొబ్బరాకు · గురువారం మధ్యాహ్నం 12:21

ఇరవయ్యోవాడు తన దెబ్బలు ముందే లెక్కేసుకుని ఇంటికి తిరిగెళ్ళిపోయి ఉంటాడు. ఇరవైలోంచి రెండు తీసేస్తే పద్దెనిమిది.

పుల్లలకట్ట · గురువారం మధ్యాహ్నం 2:30

ఎక్కాలు వద్దని నేనూ అనను అణాకాసు గారూ. ఆ రాగం, ఆ వరస పిల్లలకి ఇష్టం కూడా. కానీ నా క్లాసులో నోటికి గడగడా అప్పజెప్పే పిల్లలు ఉండేవాళ్ళు, మధ్యలోంచి "ఆరేళ్ళు?" అని అడిగితే మళ్ళీ ఆరొకట్ల నుంచి మొదలుపెట్టి ఏడో మెట్టు దాకా వచ్చేవాళ్ళు. వేళ్ళ మీద ఒకటి నుంచి లెక్కపెట్టే మన బాబు చేస్తున్నదీ అదే కదా. ఒకరిది నోరు, ఒకరిది చెయ్యి. ఆరైదులు ముప్పై తెలిస్తే ఆరార్లు ఇంకో ఆరు ఎక్కువ అని తట్టాలి, అప్పుడు ఎక్కం పనికొచ్చినట్టు.

కిరాణామేడ (నిజామాబాద్) · గురువారం రాత్రి 9:50

మాకు కొట్టుంది. సెలవుల్లో మా తమ్ముడి కొడుకు గల్లాలో కూర్చుంటాడు, ఐదో తరగతి. 68 రూపాయల సామాను తీసుకుని రెండొందల నోటు ఇస్తే, "అరవై ఎనిమిది, డెబ్బై, వంద, రెండొందలు" అనుకుంటూ రెండు, ముప్పై, వంద చేతిలో పెట్టేస్తాడు. కాగితం మీద 200−68 ఇస్తే సున్నాల దగ్గర అప్పు తెచ్చుకోలేక ఆగిపోతాడు. స్కూల్లో లెక్కల్లో వీక్ అని చెప్తున్నరు. ఏది నమ్మాలె?

హళ్ళికిహళ్ళి · గురువారం రాత్రి 10:20

రెండూ నిజమే. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫే వీధుల్లో సరుకులు అమ్మే పిల్లల మీద జరిగిన పరిశోధనలో సరిగ్గా ఇదే తేలింది. ఒక కొబ్బరికాయ 35 అయితే పది ఎంత అంటే, 12 ఏళ్ళ కుర్రాడు పక్కన సున్నా పెట్టలేదు. మూడుకి 105, ఇంకో మూడుకి 210, అలా పోగేసుకుంటూ 350 దగ్గరికి వచ్చాడు. అవే లెక్కలు కాగితం మీద బడి పద్ధతిలో ఇస్తే ఆ పిల్లలే చాలా తప్పులు చేశారు.

మన దగ్గర ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. బేరంలో తప్పు చెయ్యనివాళ్ళు బడి లెక్కలో తడబడ్డారు. తిరగేసి చూస్తే, బడి లెక్కలు వచ్చిన పిల్లలు బజారు లెక్కలో తడబడ్డారు. మీ తమ్ముడి కొడుకు వీక్ కాదు. వాడికి వచ్చిన లెక్కకీ కాగితం మీది లెక్కకీ మధ్య ఎవరూ దారి వెయ్యలేదు.

నీలిపలక · శనివారం రాత్రి 8:35

మళ్ళీ నేనే. "ఎనిమిది మనసులో" బాగా పట్టుకుంది, గుండె మీద చెయ్యి పెట్టుకోవడం వాడికి సరదాగా ఉంది. టీచర్ గారికి డైరీలోనే రాసి పంపాను, కొన్నాళ్ళు ఈ పద్ధతిలో వేళ్ళు వాడతాడు, పదికి జతలు వచ్చాక తగ్గిస్తాం, అప్పటిదాకా బెంచీ పైనే పెట్టుకోనివ్వండి అని. "సరే, యూనిట్ టెస్ట్ తర్వాత చూద్దాం" అని జవాబొచ్చింది. అంతవరకు నయమే.

ఇప్పుడు ఇంకో చిక్కు. తీసివేతల్లో 32−17 కి 25 రాశాడు. వేళ్ళు అసలు వాడలేదు, గబగబా రాసేశాడు. ఎందుకిలా?

పుల్లలకట్ట · శనివారం రాత్రి 9:15

ఏడులోంచి రెండు తీశాడు, మూడులోంచి ఒకటి తీశాడు. పైదా కిందదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. రెండో తరగతిలో అందరికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. 32 వాడికి ముప్పై రెండు కాదు, పక్కపక్కన రాసిన మూడూ రెండూ.

చీపురు పుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టండి. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి పదిహేడు నాకివ్వమనండి. రెండు పుల్లలు ఇచ్చి ఆగుతాడు. కాసేపటికి కట్ట విప్పమంటారా అని అడుగుతాడు. ఆ "అప్పు తెచ్చుకోవడం" అనే మాట అప్పటిదాకా ఎత్తకండి. కట్ట విప్పాక మాత్రమే కాగితం మీద మూడు కొట్టేసి రెండు రాయడం చూపించండి.

కిరాణామేడ · శనివారం రాత్రి 9:32

మా కొట్టు పద్ధతి కూడా ఒకసారి చూపించండి అక్కా. పదిహేడు నుంచి ఇరవైకి మూడు, ఇరవై నుంచి ముప్పైకి పది, ఇంకో రెండు. పదిహేను.

తెల్లకోటు · శనివారం రాత్రి 10:05

ఒక్క మాట చేరుస్తాను. మూడు, నాలుగు తరగతులకి వచ్చినా 3+4 లాంటివి కూడా ప్రతిసారీ ఒకటి నుంచే లెక్కపెట్టడం, రెండు కుప్పల్లో ఏది పెద్దదో చూసి చెప్పలేకపోవడం, గడియారం, డబ్బు అసలు పట్టుబడకపోవడం, ఇవన్నీ కలిసి ఉంటే అప్పుడు డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు పట్టుబడని ఒక అభ్యసన లోపం) ఉందేమోనని పరీక్ష చేయించాలి. మీ బాబు 3+4 చూసి చెబుతున్నాడన్నారు కాబట్టి ఇప్పుడు ఆ కంగారు అక్కర్లేదు.

నీలిపలక · ఆదివారం ఉదయం 11:20

పుల్లలు కట్టాం. ఇంట్లో చీపురు పనికిరాకుండా పోయింది. 32−17 కి కట్ట విప్పడానికి వాడు ఒప్పుకోలేదు, "కష్టపడి కట్టాను" అంటాడు. కిరాణామేడ గారి పద్ధతికి మాత్రం నానమ్మ దగ్గర చిల్లర తీసుకుని కూర్చున్నాడు. 50−26 కి "ఇరవై ఆరు, ముప్పై, యాభై" అని నాలుగు, ఇరవై ఇచ్చాడు.

పుల్లలకట్ట · ఆదివారం మధ్యాహ్నం 12:40

అయితే చిల్లరతోనే కానివ్వండి. కట్టలు వచ్చే వారం నేనే కట్టినవని చెప్పి విప్పించండి.